రోహిణి ఎండలో తేనెటీగల నీళ్ల మోత

ఇంకా చీకటి విడవకముందే గూడెం వైపు నుంచి మాటలు వినిపిస్తున్నాయి. తునికాకు తెంపడానికి అడవిలోకి పోతున్న ఆడవాళ్లు. ఇంకొన్నాళ్లు పోతే ఆకు ముదిరిపోతుంది, వాన పడితే కళ్లం ఎత్తేస్తారు. యాభై ఆకులకు ఒక కట్ట. ఎండెక్కకముందే తెంపుకొచ్చి, నీడపట్టున కూర్చుని కట్టలు కట్టుకోవాలి. కుక్క ఒకసారి మొరిగి, తెలిసినవాళ్లేనని ఊరుకుంది.

ములకలపల్లి దాటాక అడవి అంచున ఉంది మామ చేను. చేను అంటారు గానీ నాలుగెకరాల్లో లేనిదంటూ లేదు. ముసలి జీడిమామిడి చెట్లు, కొన్ని మామిళ్లు, బోరు దగ్గర కూరపాదులు, గట్టు వెంట కానుగలు, ఇంటి వెనక చింతచెట్టు నీడన తేనెటీగల పెట్టెలు. గట్టు అవతల పామాయిల్ తోట. దాని వెనక టేకు, నల్లమద్ది, ఇప్ప కలిసిన అడవి. ఇప్పపూలు రాలడం ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు కాయలు ముదురుతున్నాయి.

పొద్దు పొడిచేసరికి గుమ్మడిపాదు మీద పూలు విచ్చుకుని ఉన్నాయి. ఒక మగపువ్వులోకి వంగి చూస్తే, అడుగున మూడు ఈగలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. వీపుల నిండా పసుపు పొడి. పక్కనున్న ఆడపువ్వు కింద గోలీకాయంత పిందె. ఈ పొడి అక్కడికి చేరాలి, అదీ ఈ పూటలోనే. ఎండ ముదిరితే పువ్వు ముడుచుకుంటుంది. చేరకపోతే ఆ పిందె పండుబారి రాలిపోతుంది.

తొమ్మిది దాటిందో లేదో పూల మీద సందడి సన్నగిల్లి, బోరు దగ్గర పెరిగింది. వెడల్పాటి మట్టిమూకుడులో నీళ్లు పోసి గులకరాళ్లు వేశాడు మామ. రాయికో నాలుగైదు ఈగలు. తల వంచి, పొట్ట ఉబ్బేదాకా పీల్చి, బరువుగా లేచి పెట్టెల వైపు పోతున్నాయి. రోహిణి కార్తెలో తేనెటీగకు తేనె యావ తక్కువ, నీళ్ల యావ ఎక్కువ. గూట్లో పిల్లలుండే పట్టు 34, 35 డిగ్రీల దగ్గరే ఉండాలి. బయటేమో 44. తెచ్చిన నీళ్లను లోపలి ఈగలు నోటితో అందుకుని గదుల అంచులకు పల్చగా పూస్తాయి. మిగతావి రెక్కలతో విసురుతాయి. మన ఇళ్లలో కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లుకోవడం లాంటిదే ఇదీ.

"దగ్గరికి పోమాక, దారికడ్డం నిలబడితే కుడతాయి," అన్నాడు మామ. పక్కకు జరిగి, పెట్టె గుమ్మం ముందు చతికిలబడి చూశాను. వరసగా అయిదారు ఈగలు కాళ్లు నేలకు తన్నిపెట్టి, తలలు బయటికి పెట్టి విసురుతున్నాయి. మన పుట్ట తేనెటీగ బయటి గాలిని లోపలికి తోస్తుంది. ఐరోపా జాతి ఈగ తల గూటివైపు పెట్టి, లోపలి వేడిగాలిని బయటికి లాగుతుంది. పని ఒకటే, నిలబడే తీరు వేరు. పెట్టె మీద కప్పిన గోనెపట్టాను మామ మళ్లీ తడిపాడు. పెట్టె కాళ్ల కింద నీళ్ల గిన్నెలున్నాయి, అవి చీమలు ఎక్కకుండా.

కరెంటు తీగ మీద పసిరిక పిట్ట. ఎగిరి గాల్లోనే ఒక ఈగను పట్టి, తీగకేసి రెండుసార్లు కొట్టి, కొండిని రాచి మింగేసింది. మామ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. దాని పిల్లలు బావిగట్టు బొరియలో ఉన్నాయట. గొంతు ఎర్రబడ్డ తొండ ఒకటి కంచె కర్ర మీద దండీలు తీస్తోంది.

మధ్యాహ్నం దండెం మీద బట్టలు తీయబోయిన అత్త కేక. తెల్లచొక్కాల నిండా పసుపు చుక్కలు. అడవి అంచున నల్లమద్ది కొమ్మకు పట్టిన పెద్ద తేనెటీగల పని. ఈ చుక్కలు ఒకప్పుడు దేశాల మధ్య తగాదా పెట్టాయి. 1981లో అమెరికా విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ హేగ్, ఆగ్నేయాసియాలో సోవియట్ పక్షం విషం కురిపిస్తోందన్నాడు. 'పసుపు వాన' అని పేరు పడింది. మాథ్యూ మెసెల్సన్, థామస్ సీలీ అనే శాస్త్రవేత్తలు 1984లో థాయ్‌లాండ్ వెళ్లి చూస్తుంటే, ఆ వాన వాళ్ల మీదే పడింది. ఈగలు గుంపుగా లేచి విసర్జించి వెళ్లాయి. ఒంట్లో వేడి దించుకోవడానికే అలా చేస్తాయని ఒక వాదన. అత్తకు ఇదంతా చెబితే, "అయితే ఉతికేదెవరు?" అంది.

పక్క తోట రైతు జీడిచెట్లు కొట్టేసి పామాయిల్ వెయ్యమని మామను పోరుతున్నాడు. దమ్మపేట, అశ్వారావుపేట వైపు ఎటు చూసినా అదే పంట. నెలనెలా డబ్బు చేతికొస్తుంది, కాదనలేం. కానీ ఎండాకాలంలో చెట్టుకు రోజుకు 200 లీటర్ల పైనే నీళ్లు కావాలి. ఆ పూతలో పుప్పొడే తప్ప తేనె ఉండదు. దాని పరాగ సంపర్కమంతా ఆఫ్రికా నుంచి తెచ్చిన చిన్న ముక్కుపురుగు చూసుకుంటుంది. జీడి అలా కాదు, చలికాలం చివర్లో పూసి పెట్టెలు నింపుతుంది. నన్నడిగితే సగమన్నా ఉంచమంటాను. మామ ఏమీ తేల్చలేదు.

సాయంత్రం బీరపూలు విచ్చుకున్నాయి. వెనకే సొరపూలు తెల్లగా విచ్చుకుంటే, రెక్కల పురుగులు మూగాయి. మామ ఒక్కో పెట్టె వెనక చెయ్యి పెట్టి కాస్త ఎత్తి బరువు చూశాడు. రెండు పెట్టెలు తేలిపోయాయి. తిండి లేకపోతే ఈ ఈగలు గూడు వదిలేసి పోతాయి. బలం తగ్గిన పట్లకు మైనపు పురుగు పడుతుంది. పంచదార పాకం చీకటి పడ్డాకే పెట్టాలి. పగలు పెడితే ఆ వాసనకు పక్క పెట్టె ఈగలు దోపిడీకి దిగుతాయి.

పాకం పోస్తుండగా గూడెం నుంచి ఇద్దరు వచ్చారు. ఆ నల్లమద్ది పట్టు కోసమే. అమావాస్యకు ఇంకా మూడు రోజులుంది, తాడు అడగడానికొచ్చారు.

"కొమ్మ పక్కన తేనె ఉండే తలకాయ వరకే కొయ్యండి. పిల్లలున్న పట్టు వదిలెయ్యండి," అన్నాడు మామ.

"వదిలేస్తే మళ్లీ నింపుద్దా బాబాయ్?"

"మద్దిపూత అయిపోలేదుగా, నింపుద్ది."

లోపలి నుంచి అత్త: "తాడు ఊరికే ఇవ్వమాకండి. నా చొక్కాలు ఉతికిన కూలి ఒక సీసా తేనె. ఆ మాట ఇప్పుడే చెప్పండి."