ఉదాసీనుడు - తటస్థుడు : ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు

ఇతర రాష్ట్రాలలో స్థిరపడిన మన ఆంధ్రుల సంఘాల నియమావళి యేది తీసి చూచినా, అందులో "ఈ సంఘానికి రాజకీయాలతో సంబంధం లేదు" అనే అర్థమిచ్చే వాక్యం తరచుగా కనిపిస్తుంది. ఆ వాక్యాన్ని కొందరు "రాజకీయాలలో తటస్థం" అని వ్రాస్తారు. కొందరు "ఉదాసీనం" అంటారు. మరికొందరు "నిర్లిప్తం" అంటారు. మూడూ ఒకటే గదా, యే మాటైతేనేమి అనుకోవడం కద్దు. కాని యీ మాటలకు వేరువేరు చరిత్రలున్నవి. వాటిని కలిపివేయడం వల్ల మాటకే గాక మనకు కూడా నష్టం జరుగుతున్నది. పండితుణ్ణి కాకపోయినా, తెలిసినంతవరకు ఆ సంగతిని చదువరులకు మనవి చేస్తాను.

ముందుగా ఉదాసీన శబ్దం. ఈనాటి వాడుకలో ఉదాసీనమంటే అశ్రద్ధ. "జ్వరం విషయంలో ఉదాసీనం పనికిరాదు" అని పెద్దలు హెచ్చరిస్తూ వుంటారు. కాని రాజనీతిశాస్త్రంలో యీ మాటకు ఒకప్పుడున్న గౌరవం వేరు. కౌటిల్యుని అర్థశాస్త్రం ఆరవ అధికరణంలో రాజమండలాన్ని వర్ణించేటప్పుడు విజిగీషువు, అరి, మధ్యముడు, ఉదాసీనుడు అని నలుగురు ముఖ్యులను చెప్పినాడు. మధ్యముని రాజ్యం విజిగీషువుకూ, అతని శత్రువుకూ కూడా పొరుగున వుంటుంది. ఉదాసీనుడు వీరందరి పొలిమేరలకూ ఆవల వుంటాడు. వీరందరికంటె బలవంతుడు. తలచుకుంటే వీరిలో యెవరికైనా సహాయపడగలడు, యెవరినైనా అణచగలడు. అంటే ఉదాసీనుడు శక్తిలేక కూర్చున్నవాడు కాడు; శక్తి వుండి, దూరంగా వున్నవాడు. "ఉత్" అంటే పైన, "ఆసీన" అంటే కూర్చున్న. మాటలోనే ఆ యెత్తు వున్నది.

ఈ గ్రంథం లోకానికి మళ్ళీ దొరికింది మన కన్నడ సోదరుల మైసూరులోనే. తంజావూరు ప్రాంతపు పండితుడొకరు తెచ్చి యిచ్చిన తాళపత్ర ప్రతిని ప్రాచ్య గ్రంథాలయంలో పనిచేస్తున్న ఆర్. శామశాస్త్రిగారు గుర్తించి, 1909లో మూలాన్నీ, 1915లో ఆంగ్లానువాదాన్నీ ప్రకటించినారు. మైసూరు రాజ్యంలో తరతరాలుగా కాపురమున్న తెలుగువారికి యిది జ్ఞాపకముంచుకోదగిన విషయం.

ఉదాసీనుని పక్కనే మధ్యస్థుడని మరొకడున్నాడు. భగవద్గీత ఆరవ అధ్యాయంలో యీ రెండు మాటలూ ఒకే శ్లోకంలో వస్తాయి. శంకరాచార్యులవారు తమ భాష్యంలో వీటి భేదం తేల్చినారు. యే పక్షమూ పట్టనివాడు ఉదాసీనుడు. పోరాడే యిద్దరి మేలూ కోరేవాడు మధ్యస్థుడు. పల్లెలో మధ్యవర్తిగా కూర్చున్న పెద్దమనిషిని తలచుకుంటే చాలు. ఆయన యే కక్షికీ చేరడు, కాని తగవు తనకు పట్టదని లేచిపోడు.

ఇక తటస్థుడు. "తటం" అంటే ఒడ్డు. ఒడ్డున నిలిచినవాడు తటస్థుడు. నీళ్ళలో దిగలేదు గాని, యేటి పోకడ అతనికి కనిపిస్తూనే వుంటుంది. దీనికి భారతంలో చక్కని ఉదాహరణ బలరాముడు. భీమ దుర్యోధనులిద్దరూ ఆయనకు గదావిద్యలో శిష్యులే. యుద్ధంలో యెటు చేరడానికీ మనసొప్పక సరస్వతీ తీరానికి తీర్థయాత్ర వెళ్ళినాడు. కడపటి గదాయుద్ధం నాటికి తిరిగివచ్చి, భీముడు తొడమీద కొట్టినందుకు ఆగ్రహించి నాగలి యెత్తినాడు. కృష్ణుడు ఆపవలసి వచ్చింది. ఆయన కోపం సబబా కాదా అన్నది వేరే చర్చ. ఒడ్డున నిలిచినవాడైనా ధర్మం తప్పిందని తోచినప్పుడు నోరు మూసుకోలేదన్నదే మనకు కావలసినది.

ఆ యుద్ధంలో చేరనివాడు మరొకడున్నాడు, రుక్మి. అతడు సేనతో వచ్చి "నీకు భయమైతే నేనున్నాను" అని అర్జునునితో బీరాలు పలికినాడు. అర్జునుడు అక్కరలేదన్నాడు. దుర్యోధనుని వద్దకు పోతే అక్కడా అదే జవాబు. కనుక రుక్మి యింటికి పోయినాడు. ఇద్దరూ యుద్ధానికి దూరంగా వున్నవారే. కాని బలరాముణ్ణి తటస్థుడనవచ్చును, రుక్మిని అనరాదు. ఉద్దేశపూర్వకంగా దూరంగా నిలిచినవాడు వేరు, యెవరికీ అక్కరలేక మిగిలినవాడు వేరు.

ఇంకొక మాట ఉపేక్ష. యోగశాస్త్రంలో, బౌద్ధంలో ఉపేక్ష సద్గుణం. మనస్సు చలించకుండా వుండడం. రాజనీతిలో అది ఆసనంలో ఒక రకం. ఉపాయాలు వేటినీ ప్రయోగించక వూరకుండడం. కాని సభాధర్మంలో అదే దోషం. ఉద్యోగపర్వంలో శ్రీకృష్ణ రాయబార ఘట్టాన తిక్కనగారు యీ మాటను దోషమనే అర్థంలోనే వాడినారు. ధర్మానికి హాని జరుగుతూ వుంటే ఆపగల సమర్థులు ఉపేక్షిస్తే అది వారికే చేటని ఆ పద్యం తాత్పర్యం. మన యిండ్లలో ముసలివారు కంఠస్థంగా చెప్పే పద్యమది. సభాపర్వంలో విదురుడు లెక్కకట్టి మరీ చెప్పినాడు. సభలో జరిగిన అధర్మంలో సగం పాపం సభానాయకునిది, పాతిక చేసినవానిది, మిగిలిన పాతిక దానిని నిందించక కూర్చున్న సభ్యులది. గుమాస్తా పద్దువలె యింత స్పష్టంగా వ్రాసిన తరువాత, మేము మాట్లాడలేదు గనుక మాకు సంబంధం లేదని యెవరు తప్పుకోగలరు?

స్వతంత్ర భారతం కూడా యీ భేదాన్ని పాటించింది. 1961లో బెల్‌గ్రేడులో 25 దేశాలు సమావేశమైన ఉద్యమానికి తెలుగులో "అలీనోద్యమం" అని పేరు వచ్చింది. లీనం కానిది అలీనం. అంతేగాని పట్టించుకోనిది కాదు. అంతకు ముందే, 1949లో అమెరికా శాసనసభ్యుల యెదుట నెహ్రూగారు, స్వాతంత్ర్యానికీ న్యాయానికీ ముప్పు వచ్చినచోట మనం తటస్థులుగా వుండజాలమని స్పష్టం చేసినారు.

నావంటి రైల్వే ఉద్యోగుల సంగతీ చూడండి. 1966 నాటి రైల్వే ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ప్రకారం మేము రాజకీయ పక్షాలలో చేరరాదు, యెన్నికలలో ప్రచారం చేయరాదు. కాని వోటు వేయవచ్చును. యెవరికి వేసినదీ, వేయబోయేదీ బయటపెట్టరాదు. ఇది తాటస్థ్యం. వోటు దినం సెలవు వచ్చింది గదా అని పడుకోవడం ఉదాసీనత. 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు తీర్పు వల్ల వచ్చిన "నోటా" మీట కూడా ఉదాసీనుని కోసం కాదు. వరుసలో నిలిచి, వ్రేలికి సిరా పెట్టించుకుని, వీరెవరూ నాకు సమ్మతం కాదని చెప్పేవాడు ఉదాసీనుడెట్లా అవుతాడు?

ఇప్పుడు మన సంఘాల మాటకు వద్దాం. సంఘంలో అన్ని పక్షాల వారూ వుంటారు. వేదికమీద పక్షాల తగవు పెట్టుకుంటే మరుసటి యుగాదికి పచ్చడి కలిపేవారుండరు. కనుక సంఘం తటస్థంగా వుండడం మంచిదే. కాని ఆ వంకతో మనకు సంబంధించిన పనులను సైతం విడిచిపెట్టడం తాటస్థ్యం కాదు. 1956లో రాజ్యాంగానికి జరిగిన యేడవ సవరణలో 350-ఎ అధికరణం చేర్చబడింది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, స్థానిక సంస్థలూ ప్రయత్నించాలని అది చెబుతుంది. 350-బి అధికరణం ప్రకారం యీ రక్షణల విచారణకు ప్రత్యేకాధికారి వుంటారు. హక్కు కాగితం మీద వున్నది. అడిగేవారు లేకపోతే అది కాగితం మీదనే వుంటుంది. బడిలో తెలుగు తరగతి కావాలని అర్జీ పెట్టడం, జనగణన గుమాస్తా వచ్చినప్పుడు మాతృభాష తెలుగని వ్రాయించడం, వోటర్ల జాబితాలో పేరు సరిచూచుకోవడం - వీటిలో యే పక్షమూ లేదు. కన్నడ, తమిళ, ఒరియా, మరాఠీ సోదరులతో విరోధమూ లేదు. వారి భాష నేర్చుకొని, వారి మేలు కోరుతూనే యీ పనులన్నీ చేయవచ్చును. అదే మధ్యస్థుని లక్షణం.

కాబట్టి నియమావళిలో వ్రాయదగిన మాట "తటస్థం". "ఉదాసీనం" అని వ్రాయకండి. కౌటిల్యుడు చెప్పిన ఉదాసీనుని బలం మనకు లేదు. వాడుకలోని ఉదాసీనుని అశ్రద్ధ మనకు తగదు. యుగాదినాడు పంచాంగశ్రవణంలో మన రాశికి రాజపూజ్యమెంత, అవమానమెంత అని అందరమూ చెవియొగ్గి వింటాము. ఆ అంకెలు పంచాంగకర్త వేసినవి. తక్కిన యేడాది పొడుగునా వేసుకోవలసిన అంకెలు మాత్రం మన చేతిలోనే వున్నవి.