గెడ్డ నీళ్ల నుంచి గులాబి కూలెంట్ దాకా

చీడికాడలో బయల్దేరి మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కే బండి సత్తా వేగంతో తేలదు, వేడితో తేలుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక కింద ఉన్నది అనకాపల్లి జిల్లా, పైన ఉన్నది అల్లూరి సీతారామరాజు జిల్లా. కోనాం జలాశయం ఉన్న చీడికాడ మండలం నుంచి దాదాపు 900 మీటర్ల ఎత్తున్న పాడేరుకు చేరేసరికి గాలి చల్లబడుతుంది గానీ, గేరు మార్చి మార్చి ఎక్కిన ఇంజిన్ మాత్రం కుతకుతలాడుతుంది. పైగా ఆ ఎత్తులో నీళ్లు 100 దాకా ఆగవు, 97 డిగ్రీలకే మరుగుతాయి.

జీపులు, అంబాసిడర్ల కాలంలో ఈ వేడికి మందు ఒక్కటే: నీళ్లు. వెనక ఒక డబ్బా, దారిలో ఒక గెడ్డ (వాగు) ఉంటే చాలు. బానెట్ సందుల్లోంచి ఆవిరి ఎగతన్నగానే బండి పక్కకు తీసేవారు. అనుభవం ఉన్న డ్రైవరు వెంటనే రేడియేటర్ మూత ముట్టుకోడు. కాసేపాగి, తడి గోనెగుడ్డ కప్పి, మూత సగం తిప్పి, బుస్సుమనే ఆవిరిని ముందు పోనిస్తాడు. తర్వాత ఇంజిన్ ఆడుతుండగానే సన్నని ధారగా నీళ్లు పోస్తాడు. కాగిన ఇనుము మీద చన్నీళ్లు ఒక్కసారిగా కుమ్మరిస్తే బ్లాకు పగిలే ప్రమాదముంది. అంబాసిడర్‌ది మరో పేచీ. ఎండాకాలం పెట్రోలు పైపులోనే ఆవిరై బండి ఆగిపోతే పంపు మీద తడిగుడ్డ చుట్టాల్సి వచ్చేది.

ఈ కొండల్లో రోడ్డంటేనే చెమట కథ. బ్రిటిష్ కాలంలో గూడెంలో డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్, నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయడానికి గిరిజనులతో అరకొర కూలికి వెట్టిచాకిరీ చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ఆ రోడ్డు పని ఒకటి. ఆ చింతపల్లి దారి మీదే ఇప్పుడు చలికాలం కార్లు బారులు తీరి, చలికి పేరుపడ్డ లంబసింగి పోతున్నాయి.

నీళ్లు పోసే తిప్పలు కారు పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి. 1888లో బెర్తా బెంజ్ తన భర్త చేసిన మోటారు బండి మీద మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వెళ్తూ దారి పొడవునా నీళ్లు నింపుకోవాల్సి వచ్చింది. 1901 నాటికి మెర్సిడెస్ కారు కోసం విల్‌హెల్మ్ మేబాక్ ఎనిమిది వేలకు పైగా సన్నని గొట్టాలతో తేనెపట్టులాంటి రేడియేటర్ తయారుచేశాడు. మంచు దేశాల్లో బాధ వేరు. అక్కడ నీళ్లు గడ్డకట్టి ఇంజిన్లు పగిలేవి. ఆల్కహాల్ కలిపి చూశారు, అది ఆవిరైపోయేది. 1927లో అమెరికాలో ప్రెస్టోన్ పేరుతో ఇథిలీన్ గ్లైకాల్ మార్కెట్లోకి వచ్చాక ఆ బెడద తగ్గింది. దాని పేరు యాంటీఫ్రీజ్. మన రాష్ట్రంలో ఆ పేరుకు కాస్తో కూస్తో అర్థమున్నది లంబసింగిలోనే కాబోలు! మిగతా చోట్ల మనకు దాని రెండో గుణమే అక్కర: నీళ్లతో సగంసగం కలిపితే మరిగే వేడి 107 డిగ్రీల దాకా పెరుగుతుంది. పీడనం పట్టి ఉంచే మూత తోడైతే ఇంకా పైకి పోతుంది.

మన దగ్గర అసలు మార్పు తెచ్చింది చలి కాదు, లోహం. అంబాసిడర్ ఇంజిన్ పోత ఇనుము, ఏ నీళ్లు పోసినా ఏళ్ల తరబడి ఓర్చుకునేది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800తో అల్యూమినియం హెడ్డు ఇంటింటి వ్యవహారమైంది. బోరు నీళ్ల ఉప్పులు రేడియేటర్ సన్నగొట్టాల్లో సున్నంలా పేరుకుంటాయి, అల్యూమినియాన్ని మెల్లగా తినేస్తాయి. ఆ తర్వాత గాస్కెట్, హెడ్డు దించడం, వేలల్లో బిల్లు. డబ్బా నీళ్ల అలవాటు తప్పేమీ కాదు, దాని కాలం అయిపోయిందంతే.

ఇప్పుడు నీళ్ల బదులు పోసే గ్లైకాల్ కూలెంట్‌తో గొడవ రంగుల దగ్గర. గ్లైకాల్‌కు రంగే లేదు, కంపెనీలు కలిపేదే అది. ఏ కూలెంట్‌కైనా ప్రాణం తుప్పు ఆపే మందుల్లో ఉంది. పాత ఆకుపచ్చ రకంలో సిలికేట్ల వంటి లవణాలు త్వరగా అరిగిపోయేవి. 1990ల్లో వచ్చిన సేంద్రియ ఆమ్లాల రకాలు ఏళ్లపాటు నిలుస్తాయి. గట్టి నీళ్లలో పొర కడుతుందని యూరప్ కంపెనీలు ఫాస్ఫేట్‌ను దూరం పెట్టాయి. నీటి పంపు సీళ్లు అరుగుతాయని జపాన్ కంపెనీలు సిలికేట్ వద్దన్నాయి. అందుకే ఫోక్స్‌వాగన్ గులాబీ, టొయోటా గులాబీ చూపుకు కవలలే, లోపల వేరు. పడనివి కలిస్తే మందులు త్వరగా చచ్చుబడతాయి, ఒక్కోసారి జిగురులా గడ్డకడతాయి.

కాబట్టి దుకాణంలో అడగాల్సింది రంగు కాదు, కారు మాన్యువల్‌లో రాసిన రకం. చిక్కటి ద్రావణమైతే డిస్టిల్డ్ వాటర్‌తో కలపాలి. అలాగే పోస్తే చలువ పెరగదు, తగ్గుతుంది, ఎందుకంటే వేడిని మోయడంలో నీళ్లదే పైచేయి. లోపల ఏముందో తెలియని సెకండ్ హ్యాండ్ కారైతే, ఇంజిన్ చల్లారాక కూలెంట్ ట్యాంకులో గీత దాకా కాస్త డిస్టిల్డ్ వాటర్ పోసి నడిపించి, తర్వాత మొత్తం దించి కడిగించడం మేలు. దించినదాన్ని మాత్రం కాలవలో వదలకూడదు. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. పశువులూ కుక్కలూ తాగేస్తాయి.