పాతబస్తీలో పని ఉంది.. లెక్కల్లో లేదు

హైదరాబాద్‌లో ఉపాధి పెరుగుదల అనగానే 1998లో మాదాపూర్‌లో ప్రారంభమైన సైబర్ టవర్స్ ప్రస్తావన వస్తుంది. మూసీకి దక్షిణాన ఉన్న పాతబస్తీ కథ వేరు. నిజాం పాలనలో ఇక్కడి కుటుంబాలు అనేకం సర్కారు కొలువు, సైన్యం, జాగీర్దార్ల దేవిడీలపై ఆధారపడ్డాయి. 1948 నాటి పోలీసు చర్య, మరుసటి ఏడాది జాగీర్ల రద్దుతో ఆ ఆధారం తెగిపోయింది. 1970వ దశకం నుంచి గల్ఫ్ వలస ఆదుకుంది. అయితే 2011లో సౌదీ అరేబియా స్థానికులకు ఉద్యోగాలిచ్చే నితాఖాత్ విధానాన్ని తెచ్చింది. 2017 జూలై నుంచి వలసదారుల కుటుంబ సభ్యులపై నెలవారీ రుసుం విధించింది. దీంతో ఆ దారీ ఇరుకైంది.

మిగిలింది చేతిపని. చార్మినార్ పక్కనున్న లాడ్‌బజార్‌లో మెరిసే లక్కగాజులు చుట్టుపక్కల బస్తీల్లోని చిన్న గదుల్లో తయారవుతాయి. లక్కను నిప్పులపై కరిగించి, సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే రాళ్లు, అద్దాలు ఒక్కొక్కటిగా అతకాలి. వేళ్లు కాలడం ఇక్కడ వింత కాదు! కూలి రోజుకు కాదు, చేసిన సరుకును బట్టి. ఈ చౌక శ్రమ ఎంతవరకు దిగజారిందో 2015 జనవరిలో బయటపడింది. భవానీనగర్ ప్రాంతంలో పోలీసులు సోదాలు జరిపి గాజుల గదుల నుంచి రెండు వందల మందికి పైగా బాలలను విడిపించారు. వారిలో అత్యధికులు బీహార్ పిల్లలే.

మగ్గం పని, అగరువత్తుల చుట్టడం మహిళలు ఇళ్లలోనే చేస్తారు. జనగణనలో గృహ పరిశ్రమ కార్మికులకు ప్రత్యేక వర్గం ఉంది. ఏడాదిలో ఆరు నెలలకు తక్కువ పనిచేస్తే ఉపాంత కార్మికులుగా నమోదు చేస్తారు. కానీ వంట, పిల్లల మధ్య సాగే ఈ పనిని గణకుడి ముందు ‘ఉద్యోగం’గా చెప్పుకునేవారు తక్కువ. అలా శ్రామికురాలు గృహిణిగా మిగిలిపోతుంది. ఇంటివద్ద పనిచేసేవారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒప్పందం రూపొందించినా భారత్ దానిని ఆమోదించలేదు.

హైదరాబాద్ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. అది సరుకు పేరును కాపాడుతుందే తప్ప కూలి రేటును నిర్ణయించదు.

కేంద్రం 2021 ఆగస్టులో ప్రారంభించిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో ఇంటివద్ద పనిచేసేవారూ నమోదు చేసుకోవచ్చు. వయసు 16 నుంచి 59 ఏళ్ల మధ్య ఉండాలి. భవిష్యనిధి, ఈఎస్ఐ సభ్యులు, ఆదాయపు పన్ను చెల్లించేవారు అనర్హులు. ఆధార్ వివరాలతో నమోదైన వారికి 12 అంకెల సంఖ్య గల కార్డు ఇస్తారు.