కొండ మీద వరి, కొండ కింద రాగి

తిరుమల శ్రీవారికి పొంగలి, పులిహోర, దద్ధోజనం, అన్నీ బియ్యంతోనే. కొండ దిగి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు వస్తే, ఆ తల్లి పేరు మీద జనానికి పోసేది రాగి అంబలి. గంగమ్మ శ్రీవారికి చెల్లెలని తిరుపతి వాళ్ళ నమ్మకం. అన్నకు వరి, చెల్లెలికి రాగి. ఈ సీమ తిండి చరిత్ర ఆ రెండు నైవేద్యాల మధ్యే నడిచింది. తాతల నాటి తిండికి మళ్ళాలన్న మాట ఇప్పుడు తిరుపతి, చిత్తూరు, మదనపల్లెల్లో గట్టిగానే వినిపిస్తోంది. నాకూ ఇష్టమైన మాటే. కాకపోతే ఏ తాత తిండి? చెరువు కింద కయ్యలున్న తాతదా, మిట్టచేనే దిక్కయిన తాతదా?

తూర్పున స్వర్ణముఖి పక్కన, చెరువుల కింద వరి పండేది. పడమట మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ఎత్తు నేలల్లో వానే ఆధారం. అక్కడ రాగి, సజ్జ, కొర్ర, సామ, ఉలవ. విజయనగర కాలపు తిరుమల శాసనాలు చూస్తే బియ్యం, పెసరపప్పు, నెయ్యి, బెల్లం, మిరియాలు కొలతలతో సహా చెక్కి ఉంటాయి. భక్తులిచ్చిన డబ్బుతో దేవాలయ గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించి, ఆ పంటతో నైవేద్యాలు జరిపించేవారు. అంటే వరి తిండి వెనక పెట్టుబడి ఉంది, రాతి మీద రాత ఉంది. మిట్టచేలల్లో రాగి తిన్నవాళ్ళ కోసం ఎవరూ శాసనం వేయించలేదు.

పొరుగున కన్నడ దేశంలో మాత్రం 16వ శతాబ్దంలో కవి కనకదాసు ఆ పని కావ్యంతో చేశాడు. ఆయన రాసిన ‘రామధాన్య చరితె’లో వరి, రాగి నేను గొప్పంటే నేను గొప్పని తగాదా పడతాయి. రాముడు రెండింటినీ ఆరు నెలలు చెరలో పెట్టిస్తాడు. వరి చెడిపోతుంది, రాగి చెక్కుచెదరదు. తీర్పు రాగి వైపు. ఇందులో కవి కల్పన ఎంత ఉన్నా, రాగి ఏళ్ళ తరబడి పురుగు పట్టకుండా నిలవ ఉంటుందన్నది నిజం. పాతరలో రాగులుంటే ఒక కరువు దాటొచ్చు.

ఒక్క కరువైతే దాటేవాళ్ళు. 1876-78 కరువులో వరసగా వానలు తప్పాయి, పాతర్లు ఖాళీ అయ్యాయి. రాయలసీమ శవాల దిబ్బయింది. కరువు పనులకు వచ్చిన మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అరకిలో కన్నా తక్కువ, చాలని ఆంగ్లేయ అధికారి రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. పూర్వీకుల తిండి గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళ ఆకలిని పక్కన పెట్టడం అన్యాయం. వాళ్ళు సన్నగా ఉన్నది సంగటి మహిమ వల్ల మాత్రమే కాదు.

ఇంకోటి, ఆ తిండి ఎన్నడూ ఒక్కచోట ఆగలేదు. రాగి వేల ఏళ్ళ కిందట తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చింది. సంగటికి జోడీ అయిన చెనిక్కాయల చట్నీలో చెనిక్కాయ, మిరపకాయ రెండూ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళ రాక తర్వాత చేరినవే. అంతకు ముందు కారమంటే మిరియమే. కాబట్టి ‘అసలు’ పాత తిండి ఎక్కడుందని వెతకడం కన్నా, ఏ కాలంలో దేన్ని దేనికి జత చేశారో చూడడం మేలు.

20వ శతాబ్దంలో మార్పు జోరందుకుంది. మరబియ్యం ఊరూరా పాకింది. కూనూరులో పరిశోధన చేసిన రాబర్ట్ మెకారిసన్ 1920లలోనే ఎలుకల మీద ప్రయోగాలు చేసి, బియ్యమే ప్రధానమైన మద్రాసు తిండి ఎంత బలహీనమో చూపించాడు. మిట్టచేలల్లో చిరుధాన్యాలను చెనిక్కాయ నెట్టేసింది. నూనె మిల్లులు కొనే పంట అది, చేతికి డబ్బొచ్చే పంట. 1983లో ఎన్టీ రామారావు రెండు రూపాయలకు కిలో బియ్యం తెచ్చారు. పండగ పూట మాత్రమే వరన్నం చూసిన ఇళ్ళలో రోజూ తెల్లటి అన్నం వడ్డించుకున్నారు. దాన్ని తప్పు పట్టే నోరు నాకు లేదు. పేదవాడు గౌరవంగా తిన్న అన్నం అది. రాగి వెనకబడింది ఆ గౌరవం దగ్గరే.

తిరుగు ప్రయాణం మొదలైంది చక్కెర జబ్బు ఇంటింటికీ వచ్చాక. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలి సిరిధాన్యాల ప్రచారానికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమూ అదే. ఆ మార్చిలోనే రాష్ట్ర ప్రభుత్వ బళ్ళలో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలైంది. అంతకు ముందు 2021 ఆగస్టులో తిరుమలలో దేశీ వరి రకాలతో ‘సంప్రదాయ భోజనం’ ఖర్చు ధరకు పెట్టబోయి, కొండ మీద అన్నం అమ్మకూడదన్న అభ్యంతరంతో రోజుల్లోనే మానుకున్నారు. నా మటుకు ఆ నిర్ణయం సరైనదే. పాత వంటకం తెస్తూ పాత ధర్మాన్ని వదిలేస్తే ఏం లాభం?

రాగిలో నూరు గ్రాములకు 360 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. మరబియ్యంలో పది కూడా ఉండదు. కానీ ప్యాకెట్ పిండితో చేసిన పల్చటి జావ, సంగటి ఒకటి కావు. పలమనేరు వైపు సంగటి వండే తీరు చూడండి. ముందు నూకలు మెత్తగా ఉడకాలి. రాగిపిండి కుప్పగా పోసి, నడుమ కన్నం చేసి, మూతపెట్టి సన్నటి సెగ మీద ఉంచాలి. ఆ తర్వాత తెడ్డుతో ఉండకట్టకుండా కెలకాలి, భుజాలు నొప్పెట్టే పని. చెయ్యి తడి చేసుకుని ముద్ద కట్టి తట్టలో పెడతారు. పక్కన చెనిక్కాయల చట్నీ, లేదా ఉలవచారు, చలికాలంలో అయితే అనపగింజల పితికిపప్పు. మిగిలిన ముద్ద రాత్రి నీళ్ళలో వేసి, పొద్దున మజ్జిగ పోసి, ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగి చేనికి పోయేవాళ్ళు. గింజ ఒంటరిగా కడుపులోకి పోయింది లేదు. పప్పు, ఆకుకూర, మజ్జిగ, ఎండలో పని, అన్నీ వెంట ఉండేవి.

చేనూ అంతే. రాగిలో అనప సాళ్ళు, అలసంద సాళ్ళు వేసేవారు. నేలకు సత్తువ, ఇంటికి పప్పు, పశువుకు మేత. ఆ మేత మీద బతికిన పొట్టి పుంగనూరు ఆవు ఇప్పుడు పట్నం బంగళాల్లో ముద్దుకు పెంచే ఆవయింది. సంగటేమో హోటళ్ళలో నాటుకోడి పులుసుతో కలిసి విందయింది. సంతోషమే, కానీ రైతుకు దానివల్ల ఒరిగింది కొంచెమే. తిరుపతి పక్కన పెరుమాళ్ళపల్లె పరిశోధన స్థానం ‘వకుళ’ లాంటి రాగి రకాలు ఇచ్చింది, విత్తనానికి లోటు లేదు. 2025-26లో క్వింటాలు రాగికి మద్దతు ధర 4,886 రూపాయలు, మామూలు వడ్లకు 2,369. కాగితం మీద రాగే మిన్న. వడ్లు కొన్నంత గట్టిగా రాగులు కొనే ఏర్పాటే కావాలి. పలమనేరు, కుప్పం మిట్టల్లో పండే రాగిని ఆ మండలాల బళ్ళకు, హాస్టళ్ళకు, రేషను డిపోలకు అక్కడికక్కడే కొంటే, చెనిక్కాయ వేసి ఏటా వాన కోసం ఆకాశం చూసే రైతు ఒక ఎకరంలోనైనా రాగి వేసి, నడుమ అనప సాళ్ళు తోలతాడు.