దక్షిణదేశపు సత్రములు: అశక్తుల పోషణము, స్థానిక నిధులు

తమిళదేశమున స్థిరపడిన తెలుగువారు తమ పూర్వుల కీర్తిని చెప్పుకొనునపుడు కోవెలలను, కావ్యములను పేర్కొందురు గాని సత్రములను అంతగా తలపరు. మదురను 1689 మొదలు 1706 వరకు పాలించిన రాణి మంగమ్మ బాటలు వేయించి, వాని వెంట సత్రములు కట్టించినది. మదుర రైల్వేస్టేషను ఎదుట ఆమె పేరిటి సత్రము నేటికిని కలదు.

సత్రమన బాటసారి బసయే అని నేటివారి తలంపు. అది సగము నిజము మాత్రమే. తంజావూరి మరాఠా ప్రభువులు, తెలుగు నాయకరాజుల అనంతరము వచ్చినవారైనను, తెలుగు సాహిత్యమును పోషించినట్లే సత్రధర్మమును గూడ పోషించిరి. కుంఫిణీవారు రాజ్యాధికారమును గైకొన్న పిమ్మట, సత్రపు భూములను తొలగింపవలదని కోరుచు శరభోజి మహారాజు 1801లో వారికి ఒక లేఖ వ్రాసెను. అందలి వివరములు మనస్సును కదలించును. అన్ని కులములవారికిని అన్నము పెట్టబడుచుండెను. అర్ధరాత్రమున గంట కొట్టి, ఇంకను తిననివారు రావలసినదని చాటుచుండిరి. నడువలేని రోగికి స్వస్థత చేకూరువరకు మందును, పథ్యమును ఇచ్చుచుండిరి. దిక్కులేని బాలురను ఉపాధ్యాయుని సంరక్షణమున ఉంచి, నాలుగు దినముల కొకసారి తలంటించుచుండిరి. గర్భిణులకు ప్రసవము వరకు సాయము, మృతులకు అంత్యక్రియలు గూడ సత్రపు బాధ్యతలే. వీనికన్నిటికిని ఆధారము మాన్యపు ఫలసాయము. ఏటేట ఎవరినో యాచింప బనిలేదు.

1817 నాటి ఏడవ రెగ్యులేషను ధర్మాదాయములపై పర్యవేక్షణమును రెవెన్యూ బోర్డునకు అప్పగించినది. 1855లో తంజావూరి రాజు పుత్రసంతానము లేక గతించగా ఆ సంస్థానము ముగిసినది. 1871 స్థానిక నిధుల చట్టమును, 1884 స్థానిక బోర్డుల చట్టమును వచ్చిన పిమ్మట, రోడ్లు, బడులు, ఆసుపత్రులతోపాటు పెక్కు సత్రములును స్థానిక బోర్డుల పద్దులలో చేరినవి. దీనిని దోపిడి యనుట అన్యాయము. లెక్కలు సరిచూచువారు లేక పాడైన ధర్మములు కొన్ని యీ మార్పుచేతనే నిలిచినవి. కాని ఒక నష్టము మాత్రము జరిగినదని నా యభిప్రాయము. వైద్యము ఆసుపత్రి పద్దునకును, చదువు బడి పద్దునకును పోగా, సత్రమునకు గోడలును గదులును మిగిలినవి. ఏ పద్దునకును చెందనివాడు వృద్ధుడు, అంగహీనుడు. మద్రాసు రాష్ట్రము 1962లో వృద్ధాప్యపు పింఛను నెలకొల్పువరకు అట్టి నిరుపేదకు ప్రభుత్వము నుండి నెలనెలా వచ్చునదేదియు లేకుండెను.

పింఛను చేతికి వచ్చును గాని, చేయి పట్టి లేపువారిని తేలేదు. ఆ లోటు తీర్చుటకు 1992 నుండి కేంద్రప్రభుత్వము వృద్ధుల ఆశ్రమములు నడపు స్వచ్ఛంద సంస్థలకు సహాయము చేయుచున్నది. లక్ష జనాభాకు ఒక్కటి చొప్పున, రేయింబవళ్లు తెరచియుండు నిలువనీడలను నగరములలో ఏర్పరుపవలెనని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించినది. చెన్నై నగరపాలక సంస్థ అట్టి ఆశ్రయములను స్వచ్ఛంద సంస్థల ద్వారా నడిపించుచున్నది. కట్టడము, నిధి నగరమువి. వంట, సేవ సంస్థలవి. వానిలో వృద్ధులకును, వికలాంగులకును వేరుగా నడచునవియు కలవు.

పూర్వపు దాత మాన్యము వ్రాసి యిచ్చెను. నేటి నగరము ఒడంబడికకు గడువు వ్రాయుచున్నది. ఆ గడువు తీరిన నాడు మంచము పట్టిన వృద్ధురాలిని ఎక్కడికి పంపవలెను? మన సంఘముల ధర్మనిధులు కల్యాణమంటపముల అద్దెతోనే తృప్తిపడక, నగరపు ధనము ఆగిన నెలలలో వంటశాల ఆరిపోకుండుటకు కొంత సొమ్మును కేటాయింపవచ్చును. అందులకు క్రొత్త చట్టమేమియు అక్కరలేదు. సర్వసభ్య సమావేశపు తీర్మానము చాలును.