మూసీ మురుగైన తెఱగు

దిల్‌సుఖ్‌నగరమునకు చేరువనున్న చైతన్యపురిలో, మూసీతీరమున, కొసగుండ్ల నరసింహస్వామి ఆలయము చెంత నొక ప్రాకృతశాసనము బండపై చెక్కబడి యున్నది. లిపి బ్రాహ్మి, కాలము క్రీస్తుశకము 5వ శతాబ్ది యని పండితుల యభిప్రాయము. అందు గోవిందరాజవిహార మను పేరు కానవచ్చుచున్నది. విష్ణుకుండిన గోవిందవర్మ పేర వెలసిన బౌద్ధవిహార మిదియే యందురు. భిక్షువులు నివాసస్థలము నెంచుకొనునపుడు నీటిని జూడక యుందురా? నేడా తీరమున నిలిచినవారికి కనబడునది నల్లని ధార, దానిపై సబ్బునురుగు, అంచున గుఱ్ఱపుడెక్క.

ఈ నది తనంత తాను చెడలేదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన పొంగి వేలకొలది జనులను బలిగొన్నది. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి యాలోచన ననుసరించి వరదను అరికట్టుటకై మూసీపై 1920లో ఉస్మాన్‌సాగరము, ఈసీపై 1927లో హిమాయత్‌సాగరము వెలసినవి. వరదభయము తగ్గెను, నగరమునకు త్రాగునీరు దొరకెను. ఆ మహనీయుని నిందింప బనిలేదు. మురుగుకాలువలకును ఆయన పథకము రచించియే యుండెను. కాని మంచినీ రెగువనే నిలిచిపోగా, వేసవిలో దిగువనదికి మిగిలినది మన గృహముల మురుగు మాత్రమే. జనము పెరిగినకొలది ధారయు పెరిగెను. దానిని జూచి నది జీవించియున్నదని మనము భ్రమపడితిమి.

మురుగులోని మాలిన్యమును సూక్ష్మజీవులు తినునపుడు నీట కరగియున్న ప్రాణవాయువు వ్యయమగును. చేపకు ఊపిరి కఱవగును. చేపలు లేనిచోట దోమపిల్లలను తినువా రుండరు. దోమకును మలేరియాకును గల సంబంధమును రొనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది మన సికింద్రాబాదులోనే కదా! మలేరియాదోమ కొంత మంచినీటినే కోరును. మురుగున వర్ధిల్లునది బోదకాలును మోయు క్యూలెక్సు జాతి. ఒకదాని గుట్టు తెలిసికొన్న యూరివారమే, రెండవదానికి పంటకాలువవలె మురుగు పాఱించుచున్నాము.

దిగువ పొలములలో పశుగ్రాసమును ఈ నీటితోనే పెంచుదురు. మోకాలిలోతు మురుగున నిలిచి గడ్డి కోయు కూలీలకు చర్మరోగములు. ఆ గడ్డి మేసిన గేదెల పాలు నగరమునకు. నాగోలులో దినమునకు 17 కోట్ల 20 లక్షల లీటర్లు శుద్ధిచేయగల కేంద్రము కలదు. అయినను ఆ కేంద్రమును చేరని కాలువలు తిన్నగా నదిలోనికే పోవుచున్నవి.

దిల్‌సుఖ్‌నగరమునకును ఎల్బీనగరమునకును నడుమనున్న సరూర్‌నగరు చెరువు కథయు నిట్టిదే. ఒకప్పుడు పొలములు తడిపిన యీ చెరువు చుట్టును కాలనీలు లేచినవి. వాననీరు తెచ్చిన కాలువలే మోరీలైనవి. 2003–04లో బాగుచేయగా వలసపక్షులు కొన్ని తిరిగివచ్చినవి. మోరీలు మాత్రము కాలువలు కాలేదు. 2020 అక్టోబరు వర్షములకు చెరువు దిగువ నిండ్లు మునిగినపుడు, పెరటి తూమున బోయిన నీరే వీథివాకిట లోనికి వచ్చెను.