జ్ఞానమ్మ బడి, తాండూరు రైలు

1874లో తెలుగు నేల మీద మూడు సంగతులు జరిగాయి. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం రైలు మార్గం తెరుచుకుంది. అది తాండూరు, వికారాబాద్‌ల మీదుగా వచ్చింది. ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం బాలికల పాఠశాల పెట్టారు. గుంటూరు సీమలోని ఫిరంగిపురంలో జ్ఞానమ్మ అనే తెలుగు వితంతువు మూలంగా పునీత అన్నమ్మ పేరిట ఒక మఠకన్యల సభ మొదలైంది. ఆ ఏడాది డిసెంబర్ 21న ఆమె కన్నుమూశారు. మొదటి రెండూ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. మూడోదాన్ని కతోలికులు తప్ప ఇతరులు ఎవరూ పెద్దగా తలుచుకోరు. నాకు మాత్రం ఈ మూడూ కలిపి చదవవలసిన సంగతులే అనిపిస్తుంది. కతోలిక మఠాలను ఇవాళ రెండు చింతలు పట్టి పీడిస్తున్నాయి: స్థాపకుల తొలి స్ఫూర్తిని తిరిగి రగిలించడం ఎలా, కొత్తగా దైవపిలుపులు రావడం ఎలా. ఈ రెంటినీ వేర్వేరు కమిటీలు వేర్వేరు సమావేశాల్లో చర్చిస్తుంటాయి. తెలుగునాట మఠాల చరిత్ర చూస్తే అవి రెండు ప్రశ్నలు కావు. ఎవరూ పోని మనుషుల దగ్గరికి మఠం పోయినప్పుడల్లా, ఆ మనుషుల్లోంచే అమ్మాయిలు లేచి మఠానికి వచ్చారు.

జ్ఞానమ్మ 1822లో ఫిరంగిపురంలో పుట్టారు. ఉపాధ్యాయుడైన గాలి ఇన్నయ్యను పెళ్లాడి, తెలుగు కతోలిక కుటుంబాలు వలసపోయి స్థిరపడ్డ కీళచ్చేరికి కాపురం వెళ్లారు. ఆ ఊరు ఇప్పుడు తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో ఉంది. ఐదుగురు కొడుకుల తల్లి. భర్త పోయాక, 1863లో, కీళచ్చేరిలో బాలికల కోసం బడి మొదలుపెట్టారు. దళిత బాలికలకు కూడా అక్కడ చోటిచ్చారు. ఆ బడే ఆమె మూలంగా వచ్చిన మరో సభకు, పునీత అన్నమ్మ మద్రాసు సభకు, విత్తనం. ఇది ధవళేశ్వరం బడికి పదకొండేళ్ల ముందు మాట. వితంతు వివాహాన్ని అనుమతించే చట్టం 1856లోనే వచ్చినా, రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించేసరికి 1881 అయింది. భర్త పోయిన స్త్రీకి వంటింటి మూలే గతి అనుకునే రోజుల్లో ఒక తెలుగు వితంతువు పలకలు, బలపాలు పట్టుకుని ఎవరి పిల్లలనో ముందు కూర్చోబెట్టుకుంది. చేతిలో నియమావళి లేదు, ఐరోపా నుంచి తెచ్చుకున్న అంగీ లేదు, విరాళాలు పంపే రాజకుటుంబం లేదు. ఉన్నదల్లా ఒక అవసరం, ఆ అవసరాన్ని చూసి ఊరుకోలేని మనసు. చేరినవాళ్లు ఆ పని చూసే చేరారు. 2014లో రోము ఆమెను దైవసేవకురాలిగా గుర్తించి పునీత పట్టం వైపు విచారణకు అనుమతించింది. పీఠాల మీదికి ఎక్కించడం కన్నా ఆమెను ఒక నమూనాగా చదవడం ముఖ్యమని నా అభిప్రాయం.

ఆ నమూనా గాల్లోంచి ఊడిపడలేదు. 18వ శతాబ్ది మొదట్లో పుంగనూరు, కృష్ణాపురం దిక్కున యేసుసభ గురువులు కర్ణాటక మిషన్ నడిపారు. 1773లో ఆ సభనే రోము రద్దు చేసేసరికి గురువులు కరువయ్యారు. తర్వాత కొన్ని తరాల పాటు చాలా తెలుగు ఊళ్లలో విశ్వాసాన్ని కాపాడినవాళ్లు గృహస్థులూ ఉపదేశులూ. ప్రార్థనలు ఇళ్లలో కంఠతా పట్టించారు. జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు ఏళ్ల తరబడి గురువు రాక కోసం ఎదురుచూసేవి. ఇంగ్లండ్‌లోని మిల్‌హిల్ మిషనరీ సభ గురువులు ఈ ప్రాంతానికి వచ్చింది 1875లో, అంటే జ్ఞానమ్మ పోయిన మరుసటేడు. కాబట్టి తెలుగునాట మఠవాస జీవితపు ఒక మూలం మఠం గోడల లోపల పుట్టలేదు, ఇంటి చావడిలో పుట్టింది. స్థాపకుల స్ఫూర్తి అనగానే విదేశీ పునీతుల జీవితచరిత్రలు తిరగేసే అలవాటు ఉన్నవాళ్లు ఈ సంగతి గమనించాలి.

విదేశాల నుంచి వచ్చినవాళ్ల కథ చూసినా ఇదే తీరు. టురిన్‌లో పునీత అన్నమ్మ సభను 1834లో స్థాపించిన బరోలో ప్రభు దంపతుల్లో భార్య జూలియా అంతకు ముందే మహిళల చెరసాలల్లో తిరిగి ఖైదీ స్త్రీల కోసం పనిచేసిన మనిషి. ఆ సభ సిస్టర్లు 1871లో సికింద్రాబాద్ చేరారు. నెదర్లాండ్స్‌లోని అమెర్స్‌ఫూర్ట్‌లో 1822లో మొదలైన జె.ఎం.జె. (జీసస్, మేరీ, జోసఫ్) సభ సిస్టర్లు 1904లో గుంటూరు వచ్చారు. ఏలూరులో మిలాన్ మిషనరీ సిల్వియో పస్క్వాలి 1914లో పునీత అన్నమ్మ ఉపదేశక సిస్టర్ల సభను ప్రారంభించారు. వీటిలో ఏలూరు ప్రయత్నం దగ్గర కాస్త ఆగాలి. ఐరోపా నుంచి సిస్టర్లను రప్పించడం అప్పటికి రివాజు. పస్క్వాలి ఇక్కడి అమ్మాయిలనే తీసుకుని, పల్లెలకు పోయి ఇంటింటా ఉపదేశం చెప్పే పనికి తర్ఫీదు ఇచ్చారు. మగ ఉపదేశి వస్తే ఇంటి ఆడవాళ్లు తలుపు చాటుకు పోయేవాళ్లు. తమ యాసలో మాట్లాడే అమ్మాయి వస్తే గడప దాటించి లోపల కూర్చోబెట్టేవాళ్లు. ఎవరూ చేరని మనిషిని చేరడం కోసం ఆయన మఠ జీవితపు ఆకారాన్నే మార్చారు. స్ఫూర్తిని నిలబెట్టడమంటే కొన్నిసార్లు రూపాన్ని వదులుకోవడమని ఏలూరు అనుభవం చెబుతుంది.

అంతకన్నా గట్టి సాక్ష్యం గుంటూరులో ఉంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 1887లో పుట్టిన మేరీ గ్లౌరీ మెల్బోర్న్‌లో వైద్యం చదివి, 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. సభలో చేరారు. అప్పటి తిరుసభ చట్టం మఠకన్యలు వైద్యవృత్తి చేయడానికి ఒప్పుకునేది కాదు. ఆమెకు రోము నుంచి ప్రత్యేక అనుమతి రావలసి వచ్చింది. మఠకన్యలందరికీ ఆ దారి తెరుచుకున్నది 1936లో. మగ డాక్టరు ముందు చెయ్యి కూడా చాపని ఆడవాళ్లు, కాన్పు కష్టమైతే ప్రాణం మీదికి వచ్చే ఆడవాళ్లు ఆమె రోగులు. ఆమె ఒక్కతే ఎంతమందిని చూడగలదు? అందుకే స్థానిక స్త్రీలకే మందులు కలపడం, కాన్పు చేయడం, రోగిని కనిపెట్టుకుని ఉండడం నేర్పించారు. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని ఏర్పాటు చేశారు. ఇవాళ దేశమంతా విస్తరించిన ఆ సంఘం కేంద్ర కార్యాలయం సికింద్రాబాద్‌లోనే ఉంది. గ్లౌరీ కొత్త సభ పెట్టలేదు, తొంభై ఎనిమిదేళ్ల పాత సభలో చేరారు. అయినా ఆ సభ స్థాపక స్ఫూర్తిని తెలుగునాట తిరిగి రగిలించినవాళ్లలో ఆమెది ముందు వరస. మఠాల పునరుద్ధరణ మీద రెండో వాటికన్ మహాసభ తన పత్రాన్ని 1965 అక్టోబర్ 28న వెలువరించి, మూలాలకు తిరిగి పొమ్మనీ మారిన కాలానికి తగ్గట్టు మారమనీ ఒకే ఊపిరిలో చెప్పింది. గ్లౌరీ ఆ రెండు పనులూ అంతకు నలభై ఐదేళ్ల ముందే మొదలుపెట్టారు.

ఆ మహాసభ తర్వాతి దశాబ్దాల్లో ప్రపంచమంతటా మఠాలు పాత నియమావళులను తిరగరాశాయి, స్థాపకుల ఉత్తరాలు వెలికితీశాయి. అయినా 1970 ప్రాంతంలో పది లక్షలకు పైగా ఉన్న మఠకన్యల సంఖ్య 2022 చివరికి 6 లక్షల లోపుకు పడిపోయింది. మన దేశంలో ఆ పతనం ఆలస్యంగా కనిపించింది. చాలాకాలం కేరళ నుంచి వచ్చిన అమ్మాయిలు తెలుగు మఠాల లోటు పూడ్చారు. ఇప్పుడు అక్కడ ఇంటికి ఒకరో ఇద్దరో పిల్లలు, ఆ ఊట కూడా తగ్గింది. ఈ మధ్యలో చాలా సభల్లో స్థాపక స్ఫూర్తి అంటే స్థాపకుల పండుగ రోజు ఊరేగింపు, హాల్లో పెద్ద పటం, శతాబ్ది సంచిక అయిపోయింది. జ్ఞానమ్మ బడి ఎవరి కోసం పెట్టారో ఆ పిల్లలు ఇవాళ ఫీజు కట్టలేక అదే గేటు బయట ఉండిపోతున్న చోట్లు ఉన్నాయి. పటం ఎంత పెద్దదైనా ఆ పిల్లలకు అది కనబడదు.

ఎవరూ పోని చోటికి పోతే దైవపిలుపులు వస్తాయనే మాటకు వచ్చే మొదటి ఆక్షేపణ బలమైనదే. ఒకప్పుడు చదువుకోవాలన్నా, పెళ్లికి బయట ఒక గౌరవప్రదమైన జీవితం కావాలన్నా పేదింటి అమ్మాయికి మఠం ఒక దారి. ఇవాళ నర్సింగ్ ఉంది, బీఎడ్ ఉంది, గల్ఫ్ ఉంది, గురుకులాలున్నాయి. దైవపిలుపులు తగ్గడానికి కారణం ఈ దారులే, స్ఫూర్తి చల్లారడం కాదు అంటారు. సగం ఒప్పుకుంటాను. పాత సంఖ్యల్లో కొంత భాగం బతుకుదెరువే, దాన్ని దైవపిలుపు లెక్కలో రాసుకున్నాం. ఆ లెక్క పోయినందుకు విచారించనక్కర లేదు. ఆ మాట నిజమైతే మఠం చేయవలసిన పని మరింత స్పష్టమవుతుంది. ఉద్యోగంతో సరిపోని మనిషి కావాలంటే, ఉద్యోగం కోసం ఎవరూ పోని చోటికి పిలవాలి. నర్సుగా జీతం తీసుకోగల అమ్మాయి జీతం లేని మఠానికి ఎందుకు రావాలి? ఆసుపత్రిలో అదే పని, అదే డ్యూటీ అయితే రాదు, రావలసిన అవసరం కూడా లేదు. గ్లౌరీ మెల్బోర్న్ ప్రాక్టీసు వదులుకుని వచ్చింది గుంటూరులో ఆ పని చేసేవాళ్లు లేరు కాబట్టి.

రెండో ఆక్షేపణ డబ్బు గురించి. నగరంలో పెద్ద బడి నడవకపోతే పల్లెలో డిస్పెన్సరీ ఎలా నడుస్తుంది, విదేశీ విరాళాలు ఎండిపోతున్న రోజుల్లో ఫీజులే దిక్కు కదా అంటారు. లెక్కల పుస్తకం చూస్తే ఈ మాటను తోసిపారేయలేం. చూడవలసింది మనుషుల లెక్క. డబ్బు పల్లెకు పోతూ, చురుకైన సిస్టర్లంతా నగరంలో ఉండి, వయసు మళ్లినవాళ్లే పల్లె మఠంలో మిగిలితే, పల్లె పిల్లకు కనబడే మఠం ఒక విశ్రాంతి గృహం. డబ్బు తక్కువైనా ఏలూరు సిస్టర్లు పల్లెల్లో తమ వయసు అమ్మాయిలకు కనబడ్డారు. ఆ ముఖం కనబడడం ఏ పోస్టరూ చేయలేని పని.

మూడో సంగతిని ఆక్షేపణ అనలేం, చాలామంది పైకి అనకుండా దాటేసే నిజం అది. తెలుగు కతోలికుల్లో అత్యధికులు దళితులు, మఠాల్లోనూ పీఠాల్లోనూ అధికారం చాలాకాలం ఇతర కులాల చేతుల్లో ఉంది. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ 2022 ఆగస్టులో కార్డినల్ అయినప్పుడు ఆయన తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ కూడా. తెలుగు నేల మీద కర్ణాటక మిషన్ అడుగుపెట్టి మూడు వందల ఏళ్లు దాటాక ఇది జరిగింది. ఒక దళిత అమ్మాయి నోవిషియేట్‌లో, అంటే మఠ శిక్షణలో, చేరితే ఆమెది దైవపిలుపా, ఇంట్లో గడవకనా అని అనుమానంగా చూసి, పెద్ద కులం అమ్మాయి చేరితే త్యాగమని మెచ్చుకునే చోట దైవపిలుపుల కొరత గురించి ప్రార్థించడంలో అర్థం లేదు. కీళచ్చేరి బడిలో ఎవరికి చోటు దొరికిందో గుర్తుంటే ఈ చూపు నిలవకూడదు.

ఇక ఆ నిజాం రైలు దారిలోని తాండూరు. హైదరాబాద్ అగ్రపీఠం కిందికి వచ్చే ఈ పడమటి కొసన సిస్టర్ల అడుగులు ఎప్పుడూ పలచనే. మఠాలు దండు బజారున్న సికింద్రాబాద్‌ను, పాత క్రైస్తవ ఊళ్లున్న గుంటూరు, కృష్ణా సీమలను పట్టుకుని పెరిగాయి. వికారాబాద్‌లో బాలికల బడి, ఆసుపత్రి పెట్టి పల్లెల్లోకి వెళ్లినవాళ్లు అమెరికన్ మెథడిస్టులు. వాళ్లతో తిరిగిన బైబిల్ స్త్రీలు ఇక్కడి పల్లె ఆడవాళ్లే. వేరే సంఘం చేసిన పని కాబట్టి మనకు సంబంధం లేదనుకోవద్దు, ఏలూరులో పస్క్వాలి పట్టుకున్న సూత్రమే ఇక్కడ వాళ్ల చేతిలోనూ పనిచేసింది. ఇవాళ తాండూరు అంటే నాపరాయి, కందిపప్పు. ఊరి చుట్టూ గనులు, పాలిషింగ్ యూనిట్లు. బండ కోసే చోట లేచే పొడి పగలంతా కూలీల గుండెల్లోకి పోతుంది. తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ నాలుగూ వినబడే బజారు. గనుల దగ్గర గుడిసెల్లో పిల్లలు బడి మానేస్తారు. చుట్టుపక్కల పల్లెల నుంచి ముంబై, పూణెలకు వలసపోయే కుటుంబాల్లో ముసలివాళ్లు, ఆడపిల్లలు ఊళ్లో మిగిలిపోతారు. 1863లో కీళచ్చేరిలో, 1920లో గుంటూరులో ఉన్న అవసరానికి ఇది దగ్గరి బంధువు.

ఏ సభ అయినా నోవిషియేట్ ముగిసిన అమ్మాయిలను మొదటి రెండేళ్లు నగరపు హాస్టల్ వార్డెన్లుగా కాకుండా ఇలాంటి చోట అద్దె ఇంట్లో ఇద్దరిద్దరిగా ఉంచితే, స్థాపకుల ఉత్తరాలు వాళ్లకు వేరుగా పాఠం చెప్పక్కర లేదు. గని దగ్గర పిల్లకు కన్నడం కలిసిన తెలుగులో అక్షరాలు దిద్దించే సిస్టర్, దగ్గుతో నిద్రపట్టని కూలీని వికారాబాద్ ఆసుపత్రికి బస్సెక్కించే సిస్టర్, ఆ వాడలో ఎవరికీ పేరు చెప్పి పరిచయం చేసుకోవలసిన పని ఉండదు. అక్కడి నుంచి ఒకరిద్దరు అమ్మాయిలు వచ్చినా చాలు. జ్ఞానమ్మ మొదలుపెట్టినప్పుడూ అంతకన్నా ఎక్కువ మంది లేరు. సికింద్రాబాద్‌లో దిగిన సిస్టర్లకు తాండూరు రైలు 1874 నుంచీ అందుబాటులోనే ఉంది.